తీసిన పార్టు నా చేతికివ్వండి

ఈసారి పిల్లల పరీక్షలూ పచ్చళ్లూ పక్కన పెట్టి కారు సర్వీసు గురించి మాట్లాడుకుందాం.

పోయిన నెల మా చెల్లెలు హైదరాబాదు నుంచి ఫోన్ చేసింది. "అక్కా, కారు వారంటీ అయిపోయింది. ఇంకా షోరూముకే తీసుకెళ్లాలా, మా వీధి చివర షెడ్డులో ఇచ్చేయొచ్చా? మీ మరిది ఊళ్లో లేరు, నేనే తేల్చుకోవాలి" అంది. ఆ చివరి మాట దగ్గర దాని గొంతులో బెరుకు వినపడింది. రోజూ ట్రాఫిక్‌లో ఆఫీసుకి కారు నడుపుకుంటూ వెళ్లే పిల్ల. బానెట్ ఎత్తేసరికి మాత్రం అదేదో మగవాళ్ల లోకం అనిపిస్తుంది దానికి. మనలో చాలామందికి అంతే.

నాలుగేళ్ల కిందట నాకు జరిగింది చెప్తాను. మా ఊరు విజయవాడలోనే ఒక కంపెనీ సర్వీసు సెంటర్లో పొద్దున్నే కారు ఇచ్చాను. ఎస్టిమేట్ 6,500 అన్నారు. సాయంత్రం వెళ్తే బిల్లు 11,800. ఇంజిన్ ఫ్లష్, ఏసీ డిస్‌ఇన్ఫెక్షన్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్, లోపల పాలిష్. ఇవేవీ నేను చెప్పలేదే అంటే, "ఫోన్ చేశాం మేడమ్, సార్ ఓకే అన్నారు" అన్నాడు కౌంటర్లో అబ్బాయి. జాబ్ కార్డు మీద మావారి నంబరుంది. ఆయన ఏదో మీటింగులో ఉండి సరే సరే అనేశారట. కారు నాది, కట్టే డబ్బు నా జీతం, అడిగింది ఆయన్ని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదమ్మా. డబ్బు పోయినందుకంటే, ఎదురుగా నిలబడ్డ మనిషిని లెక్కలోకి తీసుకోనందుకు. అప్పట్నించీ జాబ్ కార్డు మీద నా నంబరే రాయిస్తున్నాను. "నన్ను అడగకుండా అదనపు పని చేయొద్దు" అని కూడా రాయించి సంతకం పెడుతున్నాను. మీరూ అలాగే చేయండి.

అంతమాత్రాన షోరూము వద్దనను. వారంటీ ఉన్నన్నాళ్లూ అక్కడికే వెళ్లండి. మొదట్లో ఇచ్చే ఫ్రీ సర్వీసుల్లో ఫ్రీ అయ్యేది లేబర్ ఛార్జీ. ఆయిలు, ఫిల్టర్లు మారిస్తే వాటి ఖర్చు మనదే. అది ముందే తెలిసి ఉంటే బిల్లు చూసి గతుక్కుమనక్కర్లేదు.

"బయట సర్వీసు చేయిస్తే వారంటీ పోతుంది" అని బెదిరిస్తారు చూడండి, దాని వెనక పెద్ద కథే ఉంది. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు కలిపి 2,500 కోట్లకు పైగా జరిమానా వేసింది. స్పేర్ పార్టులు, లోపాలు కనిపెట్టే పరికరాలు బయటి గ్యారేజీలకు అందకుండా చేస్తున్నారన్నది అభియోగం. బయట చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేయకూడదని, ఆ బయటి పని వల్ల ఏది పాడైందో దానివరకే కాదనవచ్చని కూడా కమిషన్ చెప్పింది. తర్వాత అది అప్పీళ్లకు వెళ్లింది. మాట మన వైపే ఉన్నా, గేర్‌బాక్సు పోయిన రోజున ఆ కమిషన్ ఉత్తర్వు పట్టుకుని కౌంటర్ దగ్గర పోట్లాడే ఓపిక మనకుంటుందా? అందుకే వారంటీలో ఉండగా బయటికి వద్దంటాను.

వారంటీ దాటాక నేను ఆటోనగర్ వెళ్లడం మొదలుపెట్టాను. బెజవాడ వాళ్లకి ఆటోనగర్ అంటే లారీలే గుర్తొస్తాయి, కార్ల షెడ్లూ బోలెడున్నాయి. మూడు షెడ్లు తిరిగాక నాకు మనిషి దొరికాడు. మొదటి రోజు చక్రం విప్పి బ్రేక్ ప్యాడ్లు చూపించి, "ఇంకో ఎనిమిది వేల కిలోమీటర్లు వస్తాయమ్మా, అప్పుడు రండి" అన్నాడు. చేతిదాకా వచ్చిన పని వద్దన్న మనిషిని నమ్మబుద్ధవుతుంది కదా.

అందరూ అలా ఉండరు. మా పక్కింటి వదినగారి కారుకి ఒక షెడ్డులో డూప్లికేట్ ఆయిల్ ఫిల్టర్ వేశారు. వారంలో కింద నల్లటి మరక. వెళ్లి అడిగితే "మేం వేసింది కాదు" అన్నారు. బిల్లు లేదు, ఏమని వాదిస్తుంది? షెడ్డయినా సరే, ప్రతి పార్టూ రాసిన బిల్లు తీసుకోండి. 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేయాలన్నా ముందు అదే అడుగుతారు. పార్టు వచ్చిన డబ్బా చూడండి, దాని మీద నంబరు, ఎంఆర్‌పీ ఉంటాయి. ఆయిల్ సీలు డబ్బాలోంచి మీ కళ్లెదుటే పోయించండి. మీ బండికి ఎన్ని లీటర్లు, ఏ గ్రేడు అన్నది కారుతో ఇచ్చిన మాన్యువల్లోనే ఉంటుంది. అందులో 3 లీటర్లుంటే బిల్లులో 3.5 ఎందుకు పడిందని అడగడానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. షోరూములో అయినా ఇదే ప్రశ్న.

కొన్ని పనులకు మాత్రం వారంటీ దాటినా కంపెనీ గడపే తొక్కాలి. ఎయిర్‌బ్యాగు లాంటి వాటికి రీకాల్ వస్తే ఆ పని అక్కడే ఉచితంగా చేస్తారు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్లలో నారింజ రంగు వైర్లుంటాయి, వాటిలో ప్రాణం తీసేంత కరెంటు. ఆ పనిలో శిక్షణ లేని చెయ్యి వాటి మీద పడనివ్వకండి. రెండు మూడేళ్లలో బండి అమ్మేద్దామనుకుంటే కూడా కంపెనీ సర్వీసు రికార్డు ఉండడం మంచిది, కొనేవాళ్లు అది చూస్తారు. మా చెల్లెలికి ఈ ఇబ్బందులేవీ లేవు. పెట్రోలు బండి, ఇంకో ఆరేళ్లు వాడుకుంటుంది. షెడ్డుకే వెళ్లమన్నాను. వెళ్లే ముందు ఒకటి చెప్పాను: తీసిన ప్రతి పాత పార్టూ నీ చేతికివ్వమని పని మొదలుపెట్టకముందే అడుగు. అరిగిందో లేదో నీ కళ్లే చెప్తాయి. ఇవ్వనంటే తాళాలు తీసుకుని వచ్చేయ్.

అది కారు షెడ్డుకిచ్చిన రోజు సాయంత్రం ఏడింటికి ఫోన్ మోగింది. "నాలుగు వేల రెండొందలు అయిందక్కా, బిల్లిచ్చాడు. ఫొటో పంపా చూడు" అంది. తెరిచాను. వంటింటి గట్టు మీద దినపత్రిక పరిచి, దాని మీద మట్టి పట్టిన ఎయిర్ ఫిల్టరూ, రూపాయి బిళ్ల మందాన అరిగిన రెండు బ్రేక్ ప్యాడ్లూ పెట్టింది. పక్కనే కొలవడానికి దాని కూతురి స్కూలు స్కేలు.