జీరో టికెట్‌తో ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ డిజైన్

ఎన్‌క్యాప్సులేషన్, అబ్‌స్ట్రాక్షన్, ఇన్‌హెరిటెన్స్, పాలిమార్ఫిజం... ఈ నాలుగింటి నిర్వచనాలు బీటెక్ పిల్లల్లో చాలామంది గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తారు. 'బస్సు టికెట్ల సిస్టమ్‌కు ఏయే క్లాసులు రాస్తావు?' అని ఇంటర్వ్యూలో అడిగితే మాత్రం తడబడతారు. ముందు సిద్ధం కావాల్సింది ఈ ప్రశ్నకే.

ఆ టికెట్ సంగతే చూద్దాం. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. కండక్టర్ జీరో టికెట్ ఇస్తారు. దీన్ని ప్రోగ్రాంగా రాయమంటే, కొత్తగా నేర్చుకునేవారు 'మహిళ అయితే ఛార్జీ సున్నా' అని ఒక ఇఫ్ కండిషన్ పెట్టేస్తారు. టికెట్ బాగానే వస్తుంది. కానీ ఆ ఛార్జీని ఆర్టీసీకి ప్రభుత్వం చెల్లించాలి కదా! సున్నా అని రాసుకున్నాక ఆ బకాయిని ఎలా లెక్కగడతారు? ప్రయాణికురాలు కట్టేది వేరు, సంస్థకు రావాల్సింది వేరు. ఇలాంటి తేడాలు పట్టుకోవడమే డిజైన్‌లో అసలు పని. దానికి జావా కూడా అక్కర్లేదు, కాగితం, పెన్ను చాలు.

ఇక ఇన్‌హెరిటెన్స్. 'ప్రయాణికుడు' క్లాసు కింద 'మహిళ', 'విద్యార్థి' అని రెండు సబ్‌క్లాసులు రాయాలనిపిస్తుంది. మరి బస్ పాస్ ఉన్న కాలేజీ అమ్మాయి దేని కిందికొస్తుంది? అదే అమ్మాయి సూపర్ లగ్జరీ ఎక్కితే? రాయితీ అనేది ప్రభుత్వం ఎప్పుడైనా మార్చగల నిబంధన. దాన్ని మనిషికి అతికిస్తే చిక్కులే. 'రాయితీ' అని ఒక ఇంటర్‌ఫేస్ పెట్టి, ఒక్కో నిబంధనకు ఒక్కో క్లాసు రాయండి. రేపు ఇంకో పథకం వస్తే ఇంకో క్లాసు చేరుతుంది, టికెట్ ముద్రించే కోడ్ జోలికి పోనక్కర్లేదు. దీన్నే స్ట్రాటజీ ప్యాటర్న్ అంటారు. గామా, హెల్మ్, జాన్సన్, వ్లిసిడెస్ 1994లో తెచ్చిన 'డిజైన్ ప్యాటర్న్స్' పుస్తకంలోని 23 ప్యాటర్న్‌లలో ఇదొకటి. అన్నీ బట్టీ పట్టొద్దు. నాలుగైదు సొంతంగా వాడి చూస్తే మిగతావి అవసరం పడ్డప్పుడు చదువుకోవచ్చు.

క్లాసులు రాసిన వెంటనే వాటికి టెస్టులు రాయడం, ప్రతి మార్పునూ గిట్‌లో నమోదు చేయడం అలవాటు చేసుకోండి. ఉద్యోగంలో చేరాక ఎక్కువ కాలం ఇతరులు రాసిన కోడ్‌ను మార్చడమే ఉంటుంది. టెస్టుల్లేని కోడ్‌పై చెయ్యి వేయడానికి ఎవరికైనా భయమే.

కోచింగ్‌కు డబ్బు లేదని ఆగిపోవద్దు. ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ఖరగ్‌పూర్ ప్రొఫెసర్ రాజీబ్ మాల్ చెప్పిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ పాఠాలు ఉచితంగా వినొచ్చు. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. వింటూనే ఈ టికెట్ ప్రోగ్రాం రాసి గిట్‌హబ్‌లో పెట్టండి. రెజ్యూమెలో పది కోర్సుల పేర్లకన్నా, 'ఇలాగే ఎందుకు రాశావు?' అంటే తడుముకోకుండా చెప్పగలిగే ఒక్క చిన్న ప్రాజెక్టు మీకు ఎక్కువ మేలు చేస్తుంది.