పద్దెనిమిది గిన్నెల యంత్రం

ఉర్దూ భాషలో ‘తజ్రిబా’ అన్న మాట ఒకటున్నది. ప్రయోగశాలలో విద్యార్థి చేసే ప్రయోగమూ తజ్రిబాయే. జీవితం మనిషికి నేర్పే అనుభవమూ తజ్రిబాయే. తెలుగులో ఈ రెండింటికీ వేర్వేరు మాటలున్నాయి. మేము తెలుగు బోధించేవారమైనా, ఈ కళాశాలలో ఉర్దూ నిత్యం చెవిన పడుతుండటం వల్ల ప్రయోగానికీ అనుభవానికీ గల సంబంధాన్ని గూర్చి ఆలోచించే అవకాశం మాకు కలిగింది. ఆ సంబంధాన్ని స్పష్టంగా చూపగల ఉదాహరణ ద్రవేంధన రాకెట్టు యంత్ర చరిత్రలో ఉన్నది. విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు ఇందులో కొన్ని సంగతులు తెలిసినవే కావచ్చు. తక్కినవారి కోసం మొదటినుంచీ చెప్పుకొందాం.

రాకెట్టు తన లోపలి వాయువులను అతివేగంగా వెనుకకు వెడలగొట్టి, దానికి ప్రతిచర్యగా తాను ముందుకు పోతుంది. దీపావళినాటి తారాజువ్వలోనూ జరిగేది ఇదే. అయితే తారాజువ్వలో మందు ఒకసారి అంటుకొన్న తరువాత దాన్ని ఆపటం ఎవరి తరమూ కాదు. ద్రవేంధన రాకెట్టులో ఇంధనం ఒక తొట్టిలోనూ, దాన్ని మండించే ద్రవ ఆక్సిజన్ మరొక తొట్టిలోనూ ఉంటాయి. కవాటం మూస్తే మంట ఆగిపోతుంది. ఇటువంటి రాకెట్టును మొట్టమొదట ఎగురవేసినవాడు అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ గొడ్డార్డ్. 1926 మార్చి 16న మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఆబర్న్‌లో, పెట్రోలుతో నడిచిన ఆ రాకెట్టు రెండున్నర సెకన్లపాటు ఎగిరి, 41 అడుగుల ఎత్తుకు చేరి నేలకూలింది.

అటుపిమ్మట పదహారేండ్లకు జర్మనీలో 25 టన్నుల తోపుడు బలం గల యంత్రం సిద్ధమైంది. తరువాత వి-2 అన్న పేరుతో లోకమెరిగిన ఎ-4 రాకెట్టు యంత్రమది. ఈ మధ్యకాలంలో ఎదురైన చిక్కులు ముఖ్యంగా మూడు.

మొదటిది పంపు. ఈ యంత్రానికి సెకనుకు సుమారు 125 కిలోగ్రాముల ద్రవాలు అందించవలసి ఉండేది. హైడ్రోజన్ పెరాక్సైడును పర్మాంగనేట్ ద్రావణంతో కలిపితే వేడి ఆవిరి పుడుతుంది. ఆ ఆవిరితో చిన్న టర్బైనును తిప్పి, దానితో పంపులను నడిపించారు.

రెండవది వేడి. లోపలి మంట 2,500 డిగ్రీల సెంటీగ్రేడుకు పైబడేది. అంత వేడికి ఉక్కు గోడ నిలువదు. అందుచేత గోడను రెండు పొరలుగా కట్టి, ఇంధనమైన ఆల్కహాలును మండేముందు ఆ పొరల నడుమ పారించారు. అది చాలక, గోడకు చేసిన సన్నని రంధ్రాల గుండా కొంత ఆల్కహాలును లోపలికి వదలి, గోడ పొడుగునా పలుచని తెరవలె పరచారు. ఆల్కహాలులో నాలుగవ వంతు నీరు కలపటం వల్ల కూడా వేడి కొంత తగ్గింది.

మూడవది, అన్నింటికంటె కఠినమైనది, ఇంధనాన్నీ ఆక్సిజన్‌నూ చక్కగా కలపటం. చిన్న యంత్రంలో కుదురుగా మండిన జ్వాల పెద్ద యంత్రంలో నిలకడ తప్పేది. ఈ పనిని చేపట్టినవాడు 1936లో ఆ బృందంలో చేరిన రసాయనశాస్త్రవేత్త వాల్టర్ టీల్. ఒకటిన్నర టన్నుల చిన్న యంత్రంలో మిశ్రమం చేసే గిన్నె బాగా పనిచేసింది. అటువంటివి మూడు చేర్చి నాలుగున్నర టన్నుల యంత్రం చేశారు. చివరకు పెద్ద యంత్రం తలమీద లోపలి వలయంలో 6, వెలుపలి వలయంలో 12, వెరసి 18 గిన్నెలు అమర్చారు. ఒక్కొక్క గిన్నెకు ఒక్కొక్క ఆక్సిజన్ గొట్టం కావలసి వచ్చింది. చూడటానికి గందరగోళమే. అన్ని గిన్నెలకు బదులు ఒకే పళ్లెం ఉంటే మేలని టీల్‌కు తెలియకపోలేదు. కాని ఆ పళ్లెం ప్రయోగాలు సకాలంలో ఫలించలేదు. తెలిసిన చిన్నదానినే పద్దెనిమిది మార్లు వాడుకొని, తెలియని పెద్దదానిని తరువాతివారికి విడిచారు. 1942లో రెండు ప్రయత్నాలు విఫలమైన పిమ్మట, అక్టోబరు 3న ఎ-4 సుమారు 190 కిలోమీటర్లు ప్రయాణించింది. 1943 ఆగస్టులో పీనెముండే స్థావరంపై బ్రిటిష్ విమానాలు బాంబులు కురిపించిన రాత్రి టీల్ సకుటుంబంగా మరణించాడు.

ఇంతవరకు చెప్పినది యంత్రం కథ. ఇక్కడ ఆపితే పాఠం సగమే అవుతుంది. బాంబుదాడి తరువాత ఈ రాకెట్ల తయారీని నార్ధౌసెన్ సమీపంలోని కొండ సొరంగాలకు మార్చారు. అక్కడి ‘డోరా’ శిబిరానికీ దాని అనుబంధ శిబిరాలకూ సుమారు 60,000 మంది ఖైదీలను తెచ్చి నిర్బంధంగా పని చేయించారు. వారిలో సుమారు 20,000 మంది ఆకలికీ, వ్యాధులకూ, హింసకూ బలియైనారు. వి-2 పడి మరణించినవారికంటె దాని తయారీకి బలియైనవారే ఎక్కువ. ఆ ఉత్పత్తికి బాధ్యుడైన ఆర్థర్ రుడాల్ఫ్ యుద్ధానంతరం అమెరికా చేరి, చంద్రయాత్రకు వాడిన సాటర్న్-5 రాకెట్టు కార్యక్రమానికి అధిపతి అయినాడు. నిర్బంధ శ్రమను గూర్చి అక్కడి న్యాయశాఖ విచారించిన మీదట 1984లో ఆ దేశం విడిచి, పౌరసత్వం వదులుకొన్నాడు. మంట నిలకడ తప్పితే వెంటనే గుర్తించిన ఆ రంగంలో, మనుషులకు జరిగిన అన్యాయాన్ని విచారించటానికి దాదాపు నలభై ఏండ్లు పట్టింది.

టీల్ విడిచిన పనిని అమెరికాలో నార్త్ అమెరికన్ ఏవియేషన్ సంస్థ చేపట్టింది. ‘నవాహో’ క్షిపణిని నేలమీదినుంచి పైకి నెట్టే బూస్టరు కోసం వారికి బలమైన యంత్రం కావలసి వచ్చింది. ముందుగా జర్మన్ యంత్రాన్ని విప్పి చూసి, దాని నకళ్లు తయారుచేశారు. ఆ తరువాత పద్దెనిమిది గిన్నెలను తొలగించి, సన్నని రంధ్రాలు గల సమతల పళ్లేన్ని అమర్చారు. 75,000 పౌనుల, అనగా సుమారు 34 టన్నుల తోపుడు బలం గల ఈ యంత్రాన్ని 1950లో కాలిఫోర్నియాలోని శాంటా సుసానా కొండల్లో పూర్తి బలంతో పరీక్షించారు. పాతదానికంటె బలం పెరిగింది, బరువు తగ్గింది. నవాహో పథకం 1957లో రద్దయినా యంత్రం వృథా కాలేదు. దానినుంచి రూపొందిన యంత్రంతో రెడ్‌స్టోన్ రాకెట్టు 1953 ఆగస్టు 20న తొలిసారి ఎగిరింది. ఆ వంశపు రాకెట్లే 1958లో అమెరికా తొలి ఉపగ్రహం ఎక్స్‌ప్లోరర్-1నూ, 1961 మే 5న ఆ దేశపు తొలి అంతరిక్షయాత్రికుడు అలన్ షెపర్డ్‌నూ పైకి కొనిపోయాయి.

మన శ్రీహరికోటనుంచి 1993లో తొలిసారి లేచిన పి.ఎస్.ఎల్.వి. రెండవ అంచెలో ‘వికాస్’ అన్న ద్రవేంధన యంత్రం ఉన్నది. దాని ఇంధనం వేరు, నిర్మాణం వేరు. అయినా పంపు, వేడి, మిశ్రమం అన్న మూడు చిక్కులను అదీ దాటవలసినదే.

కనుక విద్యార్థులకు మా మనవి ఇది. తెలియనిదాన్ని తెలిసినట్లు నటించక, తెలిసినంతలో పని సాగించి, లోపాన్ని లోపంగానే తరువాతివారికి అందించటం ప్రయోగం నేర్పే పాఠం. ఎవరి ప్రాణాలు వెచ్చించి ఆ పని సాగినదో మరువకుండటం అనుభవం నేర్పే పాఠం. ఈ రెండూ కలిసినప్పుడే ‘తజ్రిబా’ అన్న మాటకు పూర్తి అర్థం చేకూరుతుంది.