బీబీసీ మైక్రో యంత్రమునందలి ప్రవేశపట్టిక

విద్య యెంత గొప్పదైనను దానికి వాకిలి యొకటి కావలెను. ఆ వాకిలి గడప మిక్కిలి ఎత్తైనదగుచో పసివారు వెలుపలనే నిలిచిపోవుదురు. వాకిలి సులభమై యుండియు లోపలి గదులకు దారి లేనిచో, వచ్చినవారు గడపవద్దనే కూర్చుండి ఇల్లంతయు చూచితిమని భ్రమపడుదురు. కంప్యూటరు విద్యకును ఈ న్యాయమే వర్తించును. ఈ వ్యాసమున మేము ఒక పాత గృహ కంప్యూటరును తీసికొని, అందు ఇతర ప్రోగ్రాములను ఎంచి ప్రారంభించుటకు ఉపయోగపడు "మెనూ" అను చిన్న ప్రోగ్రామును గూర్చి చెప్పదలచితిమి. దానికి ప్రవేశపట్టిక యని పేరు పెట్టుచున్నాము. యంత్రము పాతది, పాఠము మాత్రము మీ యింటనున్న చేతిఫోనునకు సైతము చెల్లును.

యంత్ర పరిచయము

1981వ సంవత్సరము డిసెంబరు నెలలో ఇంగ్లండునందలి కేంబ్రిడ్జి నగరమున ఏకార్న్ కంపెనీవారు బీబీసీ మైక్రో యను కంప్యూటరును వెలువరించిరి. బీబీసీ యను బ్రిటిషు ప్రసార సంస్థ తన దేశ ప్రజలకు కంప్యూటరు విద్య నేర్పుటకై పూనిన ఉద్యమమునకు తోడుగా ఈ యంత్రము పుట్టినది గనుక దానికి ఆ పేరు కలిగినది. మన దేశమున 1984లో కేంద్ర ప్రభుత్వమువారు "క్లాస్" అను పథకమును ప్రారంభించి, మొదట 250 పాఠశాలలను ఎంచి, ఈ యంత్రములనే వానికి ఒసగిరి. పిమ్మట మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్సువారి ద్వారా ఈ యంత్రమే "యునికార్న్" అను పేరుతో మన దేశమున వెలసినది. భారతదేశమున వేలకొలది బాలబాలికలు కంప్యూటరు మీటపై మొట్టమొదట వ్రేలు మోపినది ఈ యంత్రముననే.

దీని బీ మోడలునందు మెమరీ 32 కిలోబైట్లు మాత్రమే. నేడు చేతిఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రమైనను అందులో పట్టదు. ప్రాసెసరు 6502 అను జాతిది. దాని గడియారము సెకనునకు 20 లక్షల మారులు కొట్టుకొనును. ఇంత చిన్న యంత్రమగుటచేతనే దాని పనియంతయు ఒక విద్యార్థి బుద్ధికి అందును. ఇదియే దీనిని పాఠముగా తీసికొనుటకు మాకు కారణము. యంత్రము చేత లేనివారికిని కొఱత లేదు. దానిని అచ్చముగా అనుకరించు ప్రోగ్రాములు నేటి కంప్యూటరులకు ఉచితముగా దొరకును.

ఇచ్చట ఒక మాట. ఆజ్ఞలను యంత్రముపై ఇంగ్లీషు అక్షరములతోనే కొట్టవలెను. ఈ వ్యాసమున వాని ఉచ్చారణను మాత్రమే తెలుగున వ్రాయుచున్నాము.

పట్టిక లేనిచో కలుగు కష్టము

యంత్రమునకు విద్యుత్తు ఇచ్చిన తోడనే రెండు స్వరములు వినబడును. తెరపై యంత్రము పేరు, బేసిక్ అను భాష పేరు, వాని క్రింద ఒక బాణపు మొన వంటి గుర్తు కనబడును. అంతే. అటుపై ఏమి చేయవలెనో యంత్రము చెప్పదు, ఆజ్ఞకై ఎదురుచూచును.

ఎరిగినవాడు నక్షత్రపు గుర్తు వేసి "క్యాట్" అని కొట్టును. డిస్కుపై నున్న ఫైళ్ల పేర్లు తెరపై వచ్చును. వానిలో ఒక దానిని ఎంచి "చెయిన్" అని కొట్టి, ఆ పేరును కొటేషను గుర్తుల నడుమ వ్రాసి, రిటర్న్ మీట నొక్కును. ప్రోగ్రాము డిస్కునుండి మెమరీలోనికి వచ్చి నడచును.

ఎరుగని పిల్లవాని సంగతి వేరు. ఈ డిస్కు పద్ధతిలో ఫైలు పేరు ఏడక్షరములకు మించరాదు. డిస్కు ఒక పక్కపై 31 ఫైళ్లకు మించి పట్టవు. "భిన్నముల కూడిక, రెండవ పాఠము" అను పేరు ఏడింగ్లీషు అక్షరములలో ఎట్లు ఇముడును? పేరును కుదించి కుదించి వ్రాయగా, వ్రాసినవానికి తప్ప ఇతరులకు అర్థము కాని గుర్తు మిగులును. ఆజ్ఞలో ఒక్క అక్షరము తప్పినను యంత్రము "మిస్టేక్" అను ఒక్క మాట వ్రాసి ఊరకుండును. మన చిత్తూరు సీమ పల్లెనుండి వచ్చి తెలుగున చదువుకొనిన ఆరవ తరగతి బాలిక ఆ మాటను చూచి, తప్పు అక్షరమునందు కాదు, తనయందే కలదని తలచును. చేయి వెనుకకు తీసికొనును. రెండవమారు మీట ముట్టదు. అప్పుడు తరగతిలో ఇంగ్లీషు వచ్చిన ఒకరిద్దరే యంత్రమునకు యజమానులగుదురు. తక్కినవారు వారి భుజముల మీదుగా చూచు ప్రేక్షకులగుదురు. క్లాస్ పథకమున తొలుత వచ్చిన పాఠ్యప్రోగ్రాములలో పెక్కు ఇంగ్లండున తయారైనవే యగుటచే ఈ యిబ్బంది మన దేశమున మఱింత హెచ్చెను.

పట్టిక చేయు పని

తిరుపతి బస్సు స్టాండునకు క్రొత్తగా వచ్చిన ప్రయాణికుని తలచుకొనుడు. మదనపల్లెకు పోవు బస్సు ఏది, కాళహస్తికి పోవునది ఏది యని అతడు ప్రతి డ్రైవరును అడుగుచు తిరుగనక్కరలేదు. గోడమీది బోర్డున ఊరి పేరును, దానికెదురుగ ప్లాటుఫారము సంఖ్యయు నుండును. బోర్డు అతనిని మోసికొనిపోదు. పోవలసిన చోటు చూపును. ప్రవేశపట్టికయు ఇట్టిదే. అది పాఠము చెప్పదు; పాఠమున్న చోటికి పంపును.

పట్టిక గల డిస్కును యంత్రమున పెట్టి, షిఫ్ట్ మీటను నొక్కి పట్టి, బ్రేక్ మీటను ఒకమారు నొక్కి విడిచి, పిదప షిఫ్టును విడువవలెను. అనుకరించు ప్రోగ్రాములలో సాధారణముగా ఎఫ్12 మీట బ్రేకునకు బదులుగా నుండును. డిస్కు తిరుగును, తెరపై పాఠముల పూర్తి పేర్లు సంఖ్యలతో సహా వచ్చును. 1 నొక్కిన భిన్నములు, 2 నొక్కిన దేశపటము. రిటర్న్ మీటతో గూడ పని లేదు. ఒక్క వ్రేలు, ఒక్క అంకె చాలును.

పట్టికను కట్టు విధము

దీనికి రెండు ఫైళ్లు కావలెను. మొదటిది "మెనూ" అను బేసిక్ ప్రోగ్రాము. దానిలో నాలుగు పనులు కలవు.

మొదటి పని తెరను తుడిచి పాఠముల పేర్లను ప్రింటు ఆజ్ఞతో వ్రాయుట. రెండవది "గెట్" అను ఆజ్ఞతో ఒక మీట నొక్కువరకు వేచియుండుట. మూడవది నొక్కిన మీట 1 అయినచో ఈ ప్రోగ్రామును, 2 అయినచో ఆ ప్రోగ్రామును "చెయిన్" చేయుమని "ఇఫ్" వాక్యములతో చెప్పుట. నాలుగవది, పట్టికలో లేని మీట నొక్కినచో కోపపడక మరల రెండవ పనికి పోవుట. ఈ నాలుగవ పని చిన్నదిగా కనబడును గాని పసివారికి అదియే అభయము. తప్పు మీట నొక్కినను మిస్టేక్ అను మాట రాదు. ఎంపికకు అక్షరములకంటె అంకెలే మేలు, ఏలయన అంకెలలో పెద్ద అక్షరము, చిన్న అక్షరము అను భేదము లేదు.

రెండవ ఫైలు పేరు "బూట్". దానికి ముందు ఆశ్చర్యార్థక చిహ్నము ఉండవలెను. నక్షత్రముతో "బిల్డ్" అని కొట్టి ఆ పేరు వ్రాసినచో యంత్రము వరుస సంఖ్య చూపును. అచ్చట మెనూను చెయిన్ చేయుమను ఒక్క వాక్యము వ్రాసి, రిటర్న్ నొక్కి, తరువాతి వరుసలో ఎస్కేప్ మీట నొక్కవలెను. పిదప నక్షత్రముతో "ఆప్ట్ 4, 3" అని కొట్టవలెను. షిఫ్టుతో బ్రేక్ నొక్కినప్పుడు బూట్ ఫైలులోని వాక్యములను మీటలపై కొట్టినట్లే చదువుమని దీని అర్థము. ఈ గుర్తు ఆ డిస్కుమీదనే నిలిచియుండును. పని ముగిసిన తరువాత డిస్కు అంచున నున్న చిన్న గంటును కాగితపు పట్టీతో మూసినచో దానిపై ఎవ్వరును వ్రాయజాలరు, చెరుపజాలరు.

ఒక సంగతి మరువరాదు. చెయిన్ చేసినప్పుడు క్రొత్త ప్రోగ్రాము వచ్చి మెమరీలోని పాతదానిని తొలగించి ఆ స్థలమున కూర్చుండును. పట్టిక అప్పుడు మెమరీలో ఉండదు. డిస్కు యంత్రమున మొదటి 6400 బైట్లు యంత్రము తన పనులకే ఉంచుకొనును. మోడ్ 7 అను తెరకు 1 కిలోబైటు చాలును గనుక బేసిక్ ప్రోగ్రామునకు 25,344 బైట్లు మిగులును. కాని బొమ్మలకై మోడ్ 2 వాడినచో తెరయే 20 కిలోబైట్లు మ్రింగగా 5,888 బైట్లే మిగులును. రెండు ప్రోగ్రాములు ఒక్కమారు కాపురముండుటకు చోటేది? కావున ప్రతి పాఠము కడపటి వరుసయందు మరల మెనూను చెయిన్ చేయుమని వ్రాయవలెను. పంపుట యెంత ముఖ్యమో తిరిగి రప్పించుట అంత ముఖ్యము.

పట్టికలో తెలుగు సున్న

ఈ యంత్రమునకు తెలుగు రాదు, కాని నేర్పవచ్చును. మోడ్ 7 కాక ఇతర మోడులలో ఒక్కొక్క అక్షరము ఎనిమిది వరుసలు, వరుసకు ఎనిమిది చుక్కలు గల గడి. ఎడమనుండి చుక్కల విలువలు 128, 64, 32, 16, 8, 4, 2, 1. వెలిగింపదలచిన చుక్కల విలువలను కూడి వరుసకొక సంఖ్య వ్రాయవలెను. తెలుగు సున్నకు ఆ సంఖ్యలు 0, 60, 66, 66, 66, 66, 60, 0. ఇందు 60 అనగా 32, 16, 8, 4 కూడినది. 66 అనగా 64, 2 కూడినది. "వీడీయూ 23, 224" అని వ్రాసి ఈ ఎనిమిది సంఖ్యలను చేర్చినచో 224వ అక్షరము సున్న యగును. మన భాషలో సున్న అంకెయు అగును, అక్షరము ప్రక్క నిలిచి అనుస్వారమును అగును. ఒక్క గడితో రెండు పనులు తీరినవి. గుడి, కొమ్ము, వత్తులతో గూడిన అక్షరములు ఒక గడిలో ఇముడవు. వానికి రెండో నాలుగో గడులు కలుపవలెను. 224 మొదలు 255 వరకు 32 గడులు ఇందుకు సిద్ధముగా నున్నవి. పట్టికలో నాలుగు పాఠముల పేర్లను తెలుగున వ్రాయుటకు ఓపిక గల విద్యార్థికి అవి చాలును. తన భాషలో పేరు చదువుకొని మీట నొక్కిన పిల్ల యంత్రమునకు వెరవదు.

పట్టిక వెనుక

ఇంతవరకు గడపను తగ్గించు మాట చెప్పితిమి. ఇక లోపలి గదుల మాట చెప్పవలెను. పట్టికను మాత్రమే ఎరిగినవాడు ఆ యింట అతిథి. ఎవరో పెట్టినది భుజించును, పెట్టనిది అడుగజాలడు. అందుచే మంచి పట్టికలో కడపటి వరుస ఒకటి ఉండవలెనని మా అభిప్రాయము: "0 - పట్టికను వీడి బేసిక్‌నకు పొమ్ము." దానిని నొక్కగా బాణపు మొన గుర్తు మరల వచ్చును. అప్పుడు "లిస్ట్" అని కొట్టినచో పట్టిక ప్రోగ్రాము యావత్తు, వరుస వరుసగా, తెరపై నిలుచును. ఇంతసేపు తన్ను పంపుచుండినది ఈ ఇరువది వరుసలే కదా యని పిల్లవాడు కనుగొనును. ఒక పేరు మార్చి నడిపి చూచును. ఆ క్షణముననే అతడు అతిథి కాక ఇంటివాడగును.

తలిదండ్రులకును ఒక మనవి. మీ బిడ్డల చేతిలోని ఫోను తెరపై వరుసగా నిలిచిన బొమ్మలును ప్రవేశపట్టికయే. భేద మేమనగా, అచ్చట లిస్ట్ అను ఆజ్ఞ లేదు. బిడ్డ వ్రేలు చురుకుగా కదలుచున్నదని సంతసించుటకు ముందు, ఆ బొమ్మ వెనుక ఏమున్నదని ఎన్నడైన అడిగెనా యని విచారింపుడు. ఫోను పుట్టుకయందును ఈ పాత యంత్రమునకు పాలు కలదు. బీబీసీ బేసిక్ భాషను వ్రాసిన సోఫీ విల్సన్, ఈ యంత్ర నిర్మాణమున పాల్గొనిన స్టీవ్ ఫర్బర్ అనువారలు 1983లో ఒక క్రొత్త ప్రాసెసరునకు పూనుకొని, దాని నమూనాను మొదట బీబీసీ బేసిక్ లోనే వ్రాసి పరీక్షించిరి. 1985 ఏప్రిలు 26వ తేదీన ఆ మొదటి ఆర్మ్ చిప్పు పనిచేసెను. నేటి చేతిఫోనులలో దాదాపు అన్నింటను ఆ వంశపు ప్రాసెసరే కలదు. చిన్న యంత్రమును అడుగంట తెలిసికొనినవారే పెద్ద మార్గమును తెరచిరి.

కావున పై తరగతి విద్యార్థులారా, క్రింది తరగతివారికై మీరే ఒక పట్టికను కట్టుడు. వారి గడపను తగ్గింపుడు. కాని కడపటి వరుసలో ఆ సున్నను వ్రాయుట మాత్రము మరువకుడు.

అభ్యాసములు

1. షిఫ్టు లేక బ్రేక్ మీటను మాత్రమే నొక్కినచో పట్టిక ఏల రాదు?

2. మీరు వ్రాసిన పాఠము ముగిసినను పట్టిక మరల రాలేదు. ఏ వరుస మరచితిరి?

3. గడియందలి ఒక వరుసలో రెండు కొసల చుక్కలు మాత్రమే వెలుగవలెనన్నచో ఏ సంఖ్య వ్రాయవలెను?

4. మీ పేరులోని మొదటి తెలుగు అక్షరమును చదరపు గడుల కాగితముపై గీసి, ఎన్ని గడులు కావలసివచ్చెనో, వాని సంఖ్యలేవో వ్రాయుడు.

5. మీ యింటి ఫోను తెరపై నున్న బొమ్మలలో దేని వెనుక నేమి జరుగునో మీరు చెప్పగలరు? అట్టివానిని లెక్కించి, ఆ సంఖ్యను పెద్దలకు చూపుడు.