పాఠం అర్థమవుతుంది, ప్రోగ్రామ్ రాయలేను!

ప్రశ్న: మాది కురబలకోట. తెలుగు మీడియంలో చదివి బీసీఏలో చేరాను. పాఠం అర్థమవుతుంది కానీ సొంతంగా ప్రోగ్రామ్ రాయలేను. అంగళ్లు మిట్స్‌లో బీటెక్ చదివేవాళ్లతో పోటీ పడగలనా?
– ఓ విద్యార్థిని

జవాబు: తప్పు మీ ఇంగ్లిష్‌ది కాదు. సీ భాష తొలి ప్రమాణంలో కీలక పదాలు 32 మాత్రమే. సంగటి కెలకడం చూస్తే రాదు, కట్టె పట్టాల్సిందే, కోడూ అంతే.

మదనపల్లె టమాటా మార్కెట్ లెక్కే తీసుకోండి. బాక్సు ధర, బాక్సుల సంఖ్య, కమీషన్ పోగా రైతు చేతికొచ్చేదెంత? ముందు కాగితంపై తెలుగులోనే వరుసగా రాయండి. తర్వాతే కోడ్‌గా మార్చండి. తప్పు చూపిస్తే వెంటనే ఏఐని అడగొద్దు, మొదటి ఎర్రర్‌ను మీరే చదవండి. పాఠాలు మళ్లీ వినాలంటే ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ వీడియోలు ఉచితం.

ఇక బీటెక్ వాళ్లతో పోటీ అంటారా, బీసీఏ తర్వాత ఐసెట్ ప్రవేశ పరీక్ష రాసి రెండేళ్ల ఎంసీఏ చేయొచ్చు. దారి మూసుకుపోలేదు.

నెల గడిచినా చిన్న లూప్ కూడా సొంతంగా రాకపోతే, ఆ కాగితాలతోనే ల్యాబ్ అధ్యాపకులను కలవండి. సెమిస్టర్ పరీక్షల దాకా ఆగకండి.