గళ్ళ కాగితం మీద కొల్లేరు

పల్లెలలో పులిజూదం ఆడదలచినవారు ముందుగా అరుగుమీద సుద్దతోనో బొగ్గుతోనో పటం గీసుకొనేవారు. 3 పులులు, 15 మేకలు, 23 స్థానాలు. పటం గీసినవాడు ఆటగాడే అయినా దానిని కల్పించినవాడు ఎన్నడో గతించిన అజ్ఞాత పూర్వికుడు. వీడియో ఆటలలోనూ చాలాకాలం దాదాపు ఇదే స్థితి ఉండేది. నిర్మాతలు వేసిన దారిలో ఆటగాడు పరుగెత్తవలసిందే. ఆ దారిని వేసే పనిని ఆటగానికే అప్పగించిన వాటిలో 2008 నాటి లిటిల్ బిగ్ ప్లానెట్, 2015లో నింటెండో సంస్థ విడుదల చేసిన సూపర్ మారియో మేకర్ ప్రసిద్ధమైనవి. వాడుకలో ‘లెవెల్’ అని పిలిచే ఆటఘట్టాన్ని వీటిలో ఎవరికి వారే నిర్మించి దేశదేశాల ఆటగాళ్ళకు పంచిపెట్టే వీలుండేది.

ఈ విద్యకు క్రొత్తగా పూనుకొన్నవారు మొదట చేయవలసింది తెరముందు కూర్చోవడం కాదు, కాగితం తీయడం. 1985లో షిగెరు మియమోతో, తకాషి తెజుకా ప్రభృతులు సూపర్ మారియో బ్రదర్స్ ఘట్టాలను గళ్ళ కాగితాలమీదనే రూపొందించారు. చుక్కలు పెట్టిన తరువాతనే ముగ్గు కలిపే మన ఇల్లాండ్రకు ఈ పద్ధతి క్రొత్తది కాదు.

తరువాతి పని తెలిసిన చోటును ఎన్నుకోవడం. కొల్లేటికోట విద్యార్థికి ఇందుకోసం వెదుకులాట అక్కరలేదు. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పరచుకొన్న కొల్లేరు, బుడమేరు తమ్మిలేరులు మోసుకొచ్చే వరద, ఆ నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు, లంకలో వెలసిన పెద్దింట్లమ్మ కోవెల, ఇవన్నీ అతని కళ్ళముందు ఉన్నవే. పడవరేవు ఘట్టానికి ఆరంభం, కోవెల గమ్యం. వానకాలంలో సరస్సు ఉబ్బుతుంది, వేసవిలో తగ్గుతుంది. 2019లో వచ్చిన సూపర్ మారియో మేకర్ 2లో అడవి నేపథ్యాన్ని ఎన్నుకొంటే నీటిమట్టం పెరుగుతూ తరుగుతూ ఉండే ఏర్పాటు లభిస్తుంది. నీరు పెరిగినప్పుడు గట్టు మునిగిపోతుంది, తగ్గినప్పుడు బయటపడుతుంది. ఆటగాడు అదను చూసి అడుగు వేయాలి. చేపల చెరువుల గట్లు నీటిదారికి అడ్డుపడగా 2006లో ప్రభుత్వం వాటిలో అనేకం తొలగించిన సంగతి ఆ ప్రాంతంవారికి తెలిసినదే. ఆటలో కూడ పగిలే ఇటుకలతో అటువంటి గట్టు ఒకటి కట్టవచ్చు. ఆటపాక గూడబాతులు మాత్రం దొరకవు. రెక్కల తాబేళ్ళతో సరిపెట్టుకోవాలి.

క్రొత్తవారు దొరికిన అడ్డంకులన్నీ ఒకేచోట గుమ్మరిస్తారు. అది ఆట అనిపించుకోదు, పగ అనిపించుకొంటుంది. మొదట ఒక్క అపాయాన్నే చూపి, ఆటగాడు దానిని దాటడం నేర్చుకొన్న తరువాత మరొకటి జోడించడం ఉచితం.

ఈ ఆటలో ఒక కట్టడి ఉంది. ఘట్టాన్ని లోకానికి పంపదలచినవాడు దానిని మొదటినుండి చివరివరకు తానే ఆడి గెలవాలి. ఈ నియమం విలువ 2024లో తేటతెల్లమయింది. మొదటి మారియో మేకర్‌కు క్రొత్త ఘట్టాలను పంపే సదుపాయం 2021లోనే ఆగిపోయింది; ఆన్‌లైన్ సేవ 2024 ఏప్రిల్ 8న ముగియవలసి ఉంది. అంతలోపల ఎవరూ గెలవని ఘట్టమంటూ మిగలరాదని కొందరు ఆటగాళ్ళు పట్టుదల వహించారు. చివరకు 2017లో పంపిన ‘ట్రిమ్మింగ్ ది హెర్బ్స్’ వారిని ముప్పుతిప్పలు పెట్టింది. తాను దానిని చేతులతో గెలవలేదనీ, యాంత్రిక సాధనంతో గెలిచినట్లు చూపాననీ దాని నిర్మాత మార్చిలో వెల్లడించాడు. కట్టడి ప్రకారం ఆ ఘట్టం లోకంలోకి రావలసినదే కాదు. అయినా ఏప్రిల్ 5న, గడువు మూడు రోజులుందనగా, ఒక ఆటగాడు దానిని తన చేతులతోనే గెలిచాడు. అతని సాహసం మెచ్చదగినదే. నిర్మాత చేసిన పని మాత్రం అందువల్ల న్యాయమైపోదు.

గెలిచిన ఘట్టాన్ని పంపడానికి రెండవ మారియో మేకర్‌లో రుసుముతో కూడిన ఆన్‌లైన్ సభ్యత్వం కావాలి. పంపినదానికి తొమ్మిది అక్షరాలు, అంకెలు కలిసిన సంకేతం ఒకటి లభిస్తుంది. ఏలూరులోని మిత్రుడైనా, అమెరికాలోని బంధువైనా ఆ సంకేతంతో కొల్లేటి ఘట్టాన్ని ఆడవచ్చు. ఆటగాళ్ళు పడిపోయిన చోట్ల గుర్తులు నిలుస్తాయి. ఆ గుర్తులు ఒకేచోట కుప్పపడితే తన వద్దనున్న ప్రతిలో అక్కడి గట్టును మరికొంత వెడల్పు చేసి, తిరిగి తానే ఆడి గెలిచి, మరల పంపుకోవలసి ఉంటుంది.