కొత్త నర్సుకు తోడు: అడగడం నేర్పే అనుభవం

తొలి నైట్ డ్యూటీ. వార్డు నిండా రోగులు. కేస్ షీట్‌లో ‘ఇన్సులిన్ 20 యూనిట్లు’ అని ఉంది. ట్రేలో ఉన్న సిరంజి ఈ మందుకు సరైనదేనా అని కొత్త నర్సుకు అనుమానం వచ్చింది. సీనియర్ సిస్టర్‌ని అడగాలి. అడిగితే ‘ఈ మాత్రం తెలీదా?’ అంటారేమోనని భయం. ఆమె అడుగుతుందా, లేదా అన్నదాని మీదే ఆ రాత్రి రోగి క్షేమం ఆధారపడి ఉంటుంది.

అనుమానం ఎందుకు విలువైనది?

మన దేశంలో ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్ల గాఢతతో దొరుకుతాయి. పెన్నుల్లో వాడే కార్ట్రిడ్జ్‌లలో సాధారణంగా 100 యూనిట్లు ఉంటాయి. సిరంజిలు కూడా వేర్వేరు: 40 రకానికి ఎర్ర మూత, 100 రకానికి నారింజ మూత. 40 రకం సిరంజిలో 20వ గీత వరకు తీస్తే అర మిల్లీలీటరు వస్తుంది. ఆ మందు 100 రకానిదైతే రోగికి అందేది 20 కాదు, 50 యూనిట్లు. అంటే రెండున్నర రెట్లు! రక్తంలో చక్కెర పడిపోయి రోగి స్పృహ తప్పవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు.

దీనికి తిరుగుడుగా, 100 రకం సిరంజితో 40 రకం మందును 20వ గీత వరకు తీస్తే అందేది 8 యూనిట్లే. 100 రకమే వాడే దేశాల్లో పనిచేసి స్వదేశానికి వచ్చిన నర్సుకు ఈ పొరపాటు జరగడానికి ఎక్కువ ఆస్కారం ఉంది. ఇది తెలివితక్కువతనం కాదు, చేతికి అలవాటైన పద్ధతి మారడం.

నేర్చుకోవడంలో ఐదు మెట్లు

అమెరికా నర్సింగ్ పరిశోధకురాలు పాట్రీషియా బెన్నర్ 1984లో ప్రచురించిన పుస్తకంలో నర్సు నైపుణ్యం ఐదు దశల్లో పెరుగుతుందని వివరించారు: ఆరంభకురాలు, కొంత నేర్చినవారు, సమర్థురాలు, ప్రవీణురాలు, నిపుణురాలు. మొదట్లో నర్సు నియమాలను పట్టుకుని పనిచేస్తుంది. అనుభవం పెరిగేకొద్దీ రోగి ముఖం చూడగానే ‘ఏదో తేడాగా ఉంది’ అని పసిగట్టగలుగుతుంది. ఇంకో ముఖ్య విషయం: ఒక విభాగంలో నిపుణురాలైన నర్సు కూడా పూర్తిగా కొత్త విభాగానికి మారితే మళ్లీ తొలి మెట్టు మీద నిలబడవచ్చు.

విరామం తర్వాత వచ్చేవారు

పిల్లల పెంపకం కోసమో, ఇంట్లో పెద్దల సేవ కోసమో కొన్నేళ్లు ఉద్యోగం మానేసిన నర్సులు తిరిగి వచ్చేసరికి పద్ధతులు మారి ఉంటాయి. ఉదాహరణకు, గుండె ఆగిన పెద్దవారికి ముందుగా శ్వాసమార్గం చూడాలని ఒకప్పుడు నేర్పేవారు. 2010లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఆ వరుస మార్చి, ఛాతీ నొక్కడాన్ని మొదట పెట్టింది. నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలని 2015లో స్పష్టం చేసింది. రోగిని ఓదార్చడం, నరం దొరకబుచ్చుకోవడం వంటి పాత నైపుణ్యాలు వీరికి ఉంటాయి. కావలసింది మారినవాటిని గుర్తించి, సాధన చేసే అవకాశం.

మెంటర్ ఏం చేయాలి?

• మొదట చేసి చూపాలి, తర్వాత పక్కనుండి చేయించాలి, ఆపై ఒంటరిగా వదలాలి.
• ఇన్సులిన్ వంటి మందులను ఇద్దరూ విడివిడిగా లెక్కించి సరిచూసుకోవాలి.
• డ్యూటీ చివర కాసేపు కూర్చుని ఆ రోజు ఏది కష్టమైందో అడగాలి.
• తప్పును రోగుల ముందు కాక, విడిగా చెప్పాలి.

ఇవన్నీ మెంటర్ మంచితనం మీదే వదిలేస్తే నడవవు. తన రోగుల భారం తగ్గకుండా కొత్తవారిని కూడా చూసుకోమంటే సీనియర్ నర్సు విసుక్కోవడం సహజం. అందుకే డ్యూటీ పట్టికలోనే ఈ పనికి సమయం కేటాయించడం ఆసుపత్రి బాధ్యత.

అనుమానం వచ్చిన నర్సు సిరంజి పక్కన పెట్టి ‘అక్కా, ఒక్కసారి చూస్తారా?’ అని అడగగలిగితే, ఆ వార్డులో మెంటరింగ్ పనిచేస్తున్నట్టే.