చీరాల తీరమున ఒక దినము

బంగాళాఖాతమునకు ఆరేడు కిలోమీటర్ల దూరమున చీరాల పట్టణమున్నది. ఇది మొదట గుంటూరు జిల్లాలోనిది. 1970లో ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లా ఏర్పడినప్పుడు దానిలో చేరినది. ఆ జిల్లాకే తరువాత ప్రకాశం జిల్లా యని పేరు వచ్చెను. 2022 నుండి చీరాల బాపట్ల జిల్లాలోనిది. జిల్లాలు మారినను ఊరి స్వభావము మారలేదు. ఒకవైపు నల్లరేగడి పొలములు, మరియొకవైపు ఇసుక నేలలు, వాని కావల సముద్రము. నూలు నేయువారు, వల వేయువారు ఈ ప్రాంతమునకు రెండు చేతుల వంటివారు. పెద్ద కోటలను, ఎత్తైన గోపురములను వెదకుచు వచ్చువారికి ఇచ్చట అంతగా ఏమియు కానరాదు. కాని నిదానముగా తిరిగి, ఊరివారిని పలుకరించినచో తెలియు విషయములు కలవు. అట్లు తెలిసికొనిన ఒక యువకుని కథ యిది.

అతడు గుంటూరులో ఒక దుకాణమున లెక్కలు వ్రాయువాడు. సెలవు దినములలో మోటారు సైకిలుపై ఊళ్ళు చూచి వచ్చుట అతనికి వేడుక. మాఘమాసమున ఒకనాడు తెల్లవారక ముందే బయలుదేరి ప్రత్తిపాడు, పెదనందిపాడు, పర్చూరుల మీదుగా చీరాలకు పోవుచుండెను. పత్తి చేలలో కడపటి తీత సాగుచుండెను. మిరప కళ్ళములు మంచులో ఎర్రని దుప్పట్లు పరచినట్లుండెను. ఆ ఘాటునకు అతడు దారిలో రెండుసార్లు బండి నాపి తుమ్మవలసి వచ్చినది. 1922వ సంవత్సరారంభమున పెదనందిపాడు ప్రాంతపు రైతులు పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వమున ప్రభుత్వమునకు శిస్తు కట్ట నిరాకరించిరి. ఈ సంగతి అతడు బడిలో చదివినదే. అయినను ఆ ఊరు దాటునప్పుడు అది అతనికి జ్ఞప్తికి రాలేదు. త్వరగా సముద్రమును చూడవలెనని మాత్రమే అతని ఆరాటము.

చీరాల దాటి వాడరేవు చేరునప్పటికి ప్రొద్దెక్కెను. దీపస్తంభము ఎండలో తెల్లగా మెరయుచుండెను. రాత్రి వేటకు పోయిన పడవలు ఒక్కొక్కటిగా ఒడ్డునకు చేరుచుండెను. అయినను చేపలు బేరమాడవలసిన స్త్రీలు గంపలు దించి, కన్నులకు చేతులడ్డము పెట్టుకొని సముద్రము వంకనే చూచుచుండిరి. రెండు పడవలు ఇంకను రాలేదని ఎవరో చెప్పిరి. యువకుడు తన బండిని ఇసుక అంచున నిలిపి వారి ప్రక్కనే నిలిచెను. చాలసేపటికి దూరమున ఒక నల్లని చుక్క కనబడెను. దాని వెనుక మరియొకటి. ఇంజను చెడి నడిసముద్రమున నిలిచిపోయిన పడవను రెండవ పడవవారు త్రాడు కట్టి లాగికొని వచ్చుచుండిరి. ఒడ్డున ఊపిరి బిగబట్టిన జనమంతయు ఒక్కసారిగా కదలిరి.

సాయము చేసిన పడవలో చేపలు మిక్కిలి తక్కువగా నుండెను. వేటవేళ అంతయు త్రాడు లాగుటతోనే గడిచినది. యువకుడు ప్రక్కనున్న వృద్ధురాలితో, “ఇంత శ్రమపడ్డారు గదా, వాళ్ళకు ఏమైనా ఇస్తారా అవ్వా?” అని యడిగెను. ఆమె అతని వైపు వింతగా చూచి, “నీళ్ళమీద చెయ్యి అందించడానికి కూలి పుచ్చుకుంటారా నాయనా? రేపు ఆ తాడు ఎవరికి కావాలో ఎవరికి తెలుసు?” అనెను. 1977 నవంబరు 19వ తేదీన ఈ తీరమున విరుచుకొనిపడిన తుపానులోను, ఉప్పెనలోను సుమారు పది వేల మంది మరణించిరి. దివిసీమ మిక్కిలి దెబ్బ తినెను. అట్టి సముద్రము చెంత బ్రదుకువారికి ఆ వృద్ధురాలి మాట నీతిపాఠము కాదు, నిత్యావసరము.

అచ్చటి నుండి అతడు చీరాలను ఆనుకొనియున్న పేరాలకు వచ్చెను. ఒక వీధిలో మగ్గముల చప్పుడు విని బండి నాపెను. గుంటమగ్గములో కాళ్ళు దించి కూర్చుండి ఒక వృద్ధుడు చీర నేయుచుండెను. ఈ ప్రాంతపు నేతకు పూర్వము నుండియు పేరు కలదు. నూలును నూనెలో నానవేసి రంగు లద్దిన తేలియా రుమాళ్ళు ఒకప్పుడు ఇచ్చటి నుండి అరబ్బు దేశములకు పోయెడివి. వృద్ధుడు నాడెను ఆపకయే ఆ సంగతులన్నియు చెప్పెను. పిదప, “మా ఊరికి వచ్చావు గనుక రామనగరం కథ కూడా విని వెళ్ళు” అని ఆరంభించెను.

ఆ కథ యిది. సుమారు 1920 ప్రాంతమున అప్పటి మద్రాసు ప్రభుత్వము చీరాల, పేరాలలను కలిపి పురపాలక సంఘముగా మార్చెను. దానితో పన్ను పలు రెట్లు పెరిగెను. ప్రజలలో ఎక్కువమంది పేద నేతగాండ్రు. వారు ఎన్ని విన్నపములు చేసినను ప్రభుత్వము వినలేదు. అప్పుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వారికి నాయకుడయ్యెను. 1921 ఏప్రిలులో గాంధీజీ చీరాలకు వచ్చి, హింసకు పాల్పడక, ఊరు విడిచి పురపాలక సంఘపు ఎల్లలకు వెలుపల నివసించుట ఒక మార్గమని సూచించెను. సుమారు పదునైదు వేల జనాభాలో పదమూడు వేలకు పైగా స్త్రీపురుషులు తమ ఇండ్లు వదలి వెలుపల గుడిసెలు వేసికొనిరి. దానికే రామనగరమని పేరు. పదునొకండు నెలలు వారు ఎండకు, వానకు ఓర్చిరి. గోపాలకృష్ణయ్య స్థాపించిన రామదండు వారికి అండగా నిలిచెను. తుదకు ప్రభుత్వము ఆయనను చెరసాలకు పంపెను. నాయకుడు దూరమై, కష్టములు మితిమీరగా ప్రజలు తిరిగి ఇండ్లకు చేరిరి.

“అప్పటికి మా నాయనకు ఏడాది నిండలేదు. మా నాయనమ్మ చంకనెత్తుకుని తీసుకుపోయిందట. వానకు కప్పు కారితే ఉన్న ఒక్క దుప్పటి మగ్గానికి కప్పి, బిడ్డను కొంగు కింద దాచుకుందట” అని వృద్ధుడు చెప్పెను.

“ఇంత కష్టపడీ చివరకు ఓడిపోయారు గదా తాతా!” అని యువకుడనెను.

వృద్ధుని చేతిలోని నాడె అప్పుడు ఆగెను. “ఓడారనే అనుకో. అన్ని వేలమంది ఇళ్ళు వదిలి వెళ్ళినా ఒక్కడి మీద చెయ్యి ఎత్తలేదు. అది ఓటమి లెక్కలో వేస్తావో, గెలుపు లెక్కలో వేస్తావో నువ్వే చూసుకో” అని మరల నేయ మొదలిడెను. లెక్కలు వ్రాయుట వృత్తిగా గల యువకునకు ఆ లెక్క వెంటనే తెగలేదు.

మధ్యాహ్నమున అతడు వేటపాలెములోని సారస్వత నికేతనమునకు పోయెను. 1918లో స్థాపింపబడిన ఈ గ్రంథాలయము పాత పత్రికల సంపుటములకు ప్రసిద్ధి చెందినది. 1929లో గాంధీజీ ఇచ్చటికి వచ్చినప్పుడు విరిగిన ఆయన చేతికఱ్ఱను ఇచ్చట భద్రపరచిరి. దానిని చూచిన పిమ్మట యువకుడు గ్రంథపాలకుని, “ఈ చుట్టుప్రక్కల ఇంకా చూడవలసినవి ఏమున్నాయండీ?” అని యడిగెను.

“మోటుపల్లి వెళ్ళండి. అక్కడ ఒక శాసనం ఉంది. చదువుకుని వెళితే ఎంతో ఉంది. చదవకుండా వెళితే రాయి మాత్రమే ఉంది” అని ఆయన ఒక గ్రంథమును తెచ్చి ముందుంచెను.

అందున్న విషయము యువకుని మిక్కిలి ఆకర్షించెను. నేడు చిన్న గ్రామమైన మోటుపల్లి కాకతీయుల కాలమున గొప్ప రేవు. పదమూడవ శతాబ్ది చివర వెనీసు యాత్రికుడు మార్కో పోలో దీనిని ముత్ఫిలి యని పేర్కొని, ఆ రాజ్యపు వస్త్రములు సాలెగూటివలె పలుచనివని మెచ్చెను. అంతకు ముందే, 1244లో, గణపతిదేవ చక్రవర్తి ఇచ్చట అభయ శాసనము వేయించెను. దాని సారాంశమిది: తుపానులకు చిక్కి పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని ధనమును పూర్వపు రాజులు బలాత్కారముగా హరించెడివారు. ప్రాణముల కన్న ధనమే మిన్నయని సముద్రమునకు తెగించిన వర్తకుల యెడల దయతోను, కీర్తిధర్మముల కొఱకును ఇకమీదట నిర్ణీతమైన సుంకము తప్ప మరేమియు గైకొనబోమని చక్రవర్తి మాట యిచ్చెను. ఎగుమతి దిగుమతి సరకులపై సుంకము ముప్పదింట ఒక వంతు. తరువాత 1358లో కొండవీటి ప్రభువు అనపోతారెడ్డి కూడ ఇచ్చటి వర్తకులకు ఇట్టి అభయము నొసగెను.

ప్రొద్దు వాలువేళకు యువకుడు మోటుపల్లి చేరెను. వీరభద్రస్వామి ఆలయమున ఆ శాసన స్తంభమును చూచెను. పాత లిపిలోని అక్షరములలో రెండు మూడింటిని మాత్రమే అతడు గుర్తింపగలిగెను. కాని అర్థము ముందే తెలిసియుండుటచే ఆ రాయి అతనికి మూగదిగా తోచలేదు. నీళ్ళమీద ఆపదలో నున్నవారి నుండి కూలి పుచ్చుకొనరాదని వాడరేవు వృద్ధురాలు చెప్పిన మాటయే, రాజు నోట ధర్మశాసనమై ఏడు వందల ఏండ్లకు పూర్వము ఇచ్చట నిలిచినది. ఒక పాలకుడు తాను గైకొనదగిన దానికి తానే హద్దు ఏర్పరచుకొనిన చోటు మోటుపల్లి. హద్దు మీరిన పన్నును సామాన్యులు శాంతముతో ఎదిరించిన చోటు చీరాల. రెండింటి నడుమ దూరము మోటారు సైకిలుకు గంట ప్రయాణము కూడ లేదు.

అయితే మోటుపల్లి మాటకు రాతి స్తంభము సాక్ష్యముగా నున్నది. రామనగరపు గుడిసెలు ఏనాడో నేలమట్టమైనవి. బిడ్డను కొంగు క్రింద దాచుకొనిన ఆ నేతగత్తె పేరు ఏ శాసనమునందును లేదు. ఆమె మనుమడు నాడె ఆడించుచు చెప్పుచున్నంత కాలము, వినువారు బండి నాపి వినుచున్నంత కాలము ఆ కథ నిలుచును. చక్రవర్తుల మాటను రాయి మోయును. సామాన్యుల మాటను మనుష్యులే మోయవలెను.